అగ్రరాజ్యం పరాయి దేశంలో జోక్యం చేసుకోవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్కడో ఒకచోట బాంబులు పడ్డ ప్రతిసారీ ఇవే ప్రశ్నలు మళ్ళీ మొదలవుతాయి. కింది జవాబుల్లో చరిత్ర, చట్టంతోపాటు నా అభిప్రాయం కూడా ఉంది. దాన్ని దాచడం ఎందుకు, ముందే చెప్పేస్తాను. కళ్ళముందు జరుగుతున్న ఊచకోతను ఆపడానికి బలమైన దేశం తన బలం వాడటం కొన్నిసార్లు సబబే. పరాయి దేశానికి ప్రభుత్వాన్ని ఎంపిక చేసిపెట్టడానికి వాడటం మాత్రం దాదాపు ఎప్పుడూ సబబు కాదు. మొదటి పని చేస్తున్నామని బయల్దేరి రెండోదాంట్లోకి జారిపోవడం దగ్గరే చాలా అనర్థాలు జరిగాయి.

జోక్యం అంటే సైన్యాన్ని పంపడమేనా?

సైన్యం అందరికీ కనబడుతుంది కాబట్టి దాని గురించే మాట్లాడుకుంటాం. కనబడకుండా జరిగేవి బోలెడు. 1948 ఇటలీ ఎన్నికల్లో కమ్యూనిస్టులు గెలవకూడదని అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ అక్కడి క్రిస్టియన్ డెమోక్రాట్లకు రహస్యంగా డబ్బు చేరవేసింది. 2016 అమెరికా ఎన్నికల సమయంలో రష్యా సోషల్ మీడియాలో దొంగ ఖాతాలతో ప్రచారం నడిపింది, డెమోక్రటిక్ పార్టీ ఈమెయిళ్ళు దొంగిలించి బయటపెట్టించింది. అప్పులకు పెట్టే షరతులు, ఆయుధాల సరఫరా, ఆర్థిక ఆంక్షలు, తిరుగుబాటుదారులకు శిక్షణ కూడా ఈ కోవలోకే వస్తాయి.

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పుకునేది 1953 ఇరాన్ కథ. ప్రధాని మొసాద్దిక్ 1951లో చమురు పరిశ్రమను జాతీయం చేశాడు. బ్రిటిష్ కంపెనీ చేతిలోని బావులు పోయాయి. రెండేళ్ళకు బ్రిటన్, అమెరికా గూఢచారి సంస్థలు కలిసి ఆయన్ని పడగొట్టించాయి. ఇందుకోసం అమెరికా పటాలమేదీ టెహ్రాన్‌లో దిగలేదు. వీధి గుంపులకు పంచిన డబ్బు, పత్రికల్లో రాయించిన రాతలు, లోపాయికారీగా కలిసొచ్చిన సైనికాధికారులు సరిపోయారు. ఆ పని తమదేనని చెప్పే సీఐఏ పత్రాలు అధికారికంగా బయటికొచ్చింది 2013లో. ఈలోగా 1979 విప్లవం వచ్చింది, టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయంలో 52 మంది 444 రోజులు బందీలుగా ఉన్నారు. ఈ రెండు దేశాల గొడవ గురించి ఒక అమెరికన్‌ని అడిగితే 1979 నుంచి మొదలుపెడతాడు, ఇరానియన్‌ని అడిగితే 1953 నుంచి.

అంతర్జాతీయ చట్టం ఏమంటుంది?

పైకి చాలా స్పష్టంగానే ఉంది. 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్ రెండో అధికరణంలోని నాలుగో క్లాజు, ఏ దేశమూ మరో దేశం భూభాగం మీద గానీ రాజకీయ స్వాతంత్ర్యం మీద గానీ బలప్రయోగం చేయకూడదంటుంది, బెదిరించడమూ కుదరదంటుంది. అదే అధికరణంలోని ఏడో క్లాజు ఐక్యరాజ్యసమితి సైతం ఒక దేశపు అంతర్గత విషయాల్లో తలదూర్చకూడదంటుంది. మినహాయింపులు రెండే. ఒకటి 51వ అధికరణం చెప్పే ఆత్మరక్షణ. రెండోది, శాంతికి ముప్పు ఉందని భద్రతా మండలి తేల్చి ఏడో అధ్యాయం కింద ఇచ్చే అనుమతి.

చిక్కంతా ఆ రెండో దారిలో ఉంది. మండలిలో 15 దేశాలు, తీర్మానం నెగ్గాలంటే 9 ఓట్లు. అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్‌లలో ఏ ఒక్కటి కాదన్నా అది వీగిపోతుంది, దీన్నే వీటో అంటారు. జోక్యం చేసుకునే శక్తి ఎక్కువగా ఉన్నదీ ఈ ఐదింటికే.

తప్పు చేసింది వీటో ఉన్న దేశమే అయితే?

మండలిలో ఏమీ జరగదు. 1983లో కరీబియన్ ద్వీపదేశం గ్రెనడా మీద తను చేసిన దాడికి సంబంధించిన తీర్మానాన్ని అమెరికా వీటో చేసింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దండయాత్రను ఖండించే తీర్మానాన్ని రష్యా వీటో చేసింది. ఆ తర్వాత ఐదు రోజులకు, అన్ని సభ్యదేశాలూ ఉండే సర్వసభ్య సభలో 141 దేశాలు రష్యాకు వ్యతిరేకంగా, 5 దేశాలు అనుకూలంగా ఓటేశాయి. భారత్‌తో సహా 35 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. అయినా సర్వసభ్య సభ తీర్మానం ఎవరి సైన్యాన్నీ వెనక్కి పంపలేదు. ప్రపంచం ఏమనుకుంటోందో రికార్డులో ఉంటుంది, అంతే.

పక్కింట్లో ఎవర్నో కొట్టి చంపుతుంటే తలుపు బద్దలు కొట్టమా? దేశాలకు వేరే న్యాయమా?

ఈ పోలిక నిజంగానే బలమైంది. కాకపోతే మన వీధిలో పోలీసులుంటారు, కోర్టు ఉంటుంది. తలుపు పగలగొట్టినవాడు సైతం రేపు పొద్దున జవాబు చెప్పుకోవాలి. ఇంట్లోకి వెళ్ళినవాడు బీరువా తాళాలు తీసుకుంటే కేసవుతుంది. దేశాల మధ్య అలాంటి ఏర్పాటు నామమాత్రం. పైగా గొడవ ఆగాక ఇంటిపెద్దగా ఎవరుండాలో చెప్పే హక్కు పక్కింటివాడికి ఎలా వస్తుంది? మొదటి అడుగుకు ఈ పోలిక పనికొస్తుంది, ఆ తర్వాతి అడుగులకు పనికిరాదు.

ఎవరూ వెళ్ళకపోతే ఏమవుతుందో రువాండాలో చూశాం కదా?

చూశాం. జోక్యం అసలే వద్దు అనేవాళ్ళు ఈ ఒక్క ఉదాహరణకు జవాబు చెప్పి తీరాలి.

1994 ఏప్రిల్ నుంచి దాదాపు వంద రోజుల్లో ఎనిమిది లక్షల మందిని చంపారు. ఎక్కువమంది మైనారిటీ తెగ టుట్సీలు, వారితోపాటు హత్యలను వ్యతిరేకించిన మెజారిటీ తెగ హుటూలు. అప్పటికే అక్కడ ఐక్యరాజ్యసమితి దళం ఉంది. దాని కమాండర్, కెనడా జనరల్ రోమియో డల్లేర్, ఆయుధాలు పోగవుతున్నాయని జనవరిలోనే న్యూయార్క్‌కు కబురు పంపాడు. హత్యలు మొదలైన రోజుల్లో పది మంది బెల్జియం సైనికులను చంపేశారు. బెల్జియం తన దళాన్ని వెనక్కి పిలుచుకుంది. డల్లేర్ అదనపు బలగం అడుగుతుంటే భద్రతా మండలి ఏప్రిల్ 21న ఉన్న దళాన్ని 270 మందికి కుదించింది. ఊచకోత నడిపిస్తున్న ప్రభుత్వం ప్రతినిధి ఆ సమయంలో అదే మండలిలో సభ్యుడిగా కూర్చున్నాడు. ‘నరమేధం’ అంటే ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని అమెరికా అధికారులు ఆ మాట అనకుండా వారాల తరబడి తప్పించుకున్నారు.

చివరికి హత్యలను ఆపింది రువాండా తిరుగుబాటు సైన్యం ఆర్‌పీఎఫ్. జూన్‌లో మండలి అనుమతితో ఫ్రాన్స్ సైన్యం దిగింది. కొంతమందిని కాపాడింది, కానీ హంతకులు ఆ రక్షణ ప్రాంతం మీదుగానే జైర్‌లోకి (ఇప్పటి కాంగో) తప్పించుకున్నారన్న నింద ఇప్పటికీ ఉంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. రువాండాలో పెద్ద దేశాలను ఆపింది సార్వభౌమత్వం మీద గౌరవం కాదు. అంతకు కొన్ని నెలల ముందు, 1993 అక్టోబరులో, సోమాలియాలోని మొగదిషులో 18 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. మళ్ళీ ఆఫ్రికాలో ఇరుక్కోవడం వాషింగ్టన్‌కు ఇష్టం లేకపోయింది. అగ్రరాజ్యానికి నిలబెట్టుకోవాల్సిన లాభం లేనిచోట ప్రజల ప్రాణాలకు విలువ తగ్గుతుంది. జోక్యం కావాలని కోరుకునేవాళ్ళకు ఇది మింగుడుపడని విషయం.

1971లో బంగ్లాదేశ్ విషయంలో భారత్ చేసింది జోక్యమే కదా? అది ఒప్పెలా అయింది?

జోక్యమే. అప్పట్లో ప్రపంచం దాన్ని ఒప్పు అనలేదు కూడా. 1971 డిసెంబరు 7న సర్వసభ్య సభ కాల్పులు ఆపి సేనలను వెనక్కి తీసుకోవాలని 104 ఓట్లతో కోరింది. కాదన్నవి 11 దేశాలు. మండలిలో సోవియట్ వీటో లేకుంటే భారత్ ఇంకా ఇబ్బందిపడేది.

ఆ ఏడాది మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం అప్పటి తూర్పు పాకిస్తాన్ రాజధాని ఢాకాలో ఊచకోత మొదలుపెట్టింది. డిసెంబరు నాటికి దాదాపు కోటి మంది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. బంగ్లా తిరుగుబాటు దళం ముక్తివాహినికి భారత్ అప్పటికే శిక్షణ, ఆయుధాలు ఇస్తోంది. డిసెంబరు 3న పాకిస్తాన్ విమానాలు భారత వైమానిక స్థావరాల మీద దాడి చేశాక నేరుగా యుద్ధం వచ్చింది, 16న 93,000 మంది లొంగుబాటుతో ముగిసింది. పాకిస్తాన్‌ను చీల్చడం వ్యూహపరంగా భారత్‌కు లాభమే, దాన్ని కాదనడం ఆత్మవంచన. అయినా దీన్ని నేను ఒప్పు అంటాను. 1970 డిసెంబరు ఎన్నికల్లో గెలిచిన నాయకత్వం అక్కడ అప్పటికే సిద్ధంగా ఉంది. ఢిల్లీ కొత్తగా నాయకుణ్ణి తయారుచేయలేదు. 1972 మార్చికల్లా భారత సైన్యం వెనక్కి వచ్చేసింది.

ఆ దశాబ్దంలోనే మరో రెండు జరిగాయి. 1978 డిసెంబరు చివర్లో వియత్నాం కంబోడియాలోకి వెళ్ళి, రెండు వారాల్లో పోల్ పాట్ పాలనను కూల్చింది. 1978 అక్టోబరులో ఉగాండా నియంత ఇదీ అమీన్ టాంజానియా భూభాగాన్ని ఆక్రమిస్తే, టాంజానియా అధ్యక్షుడు నైరేరే సైన్యం ఎదురుదాడి చేసి 1979 ఏప్రిల్‌లో ఉగాండా రాజధాని కంపాలా చేరింది. మానవత్వం కోసం వెళ్తున్నామని ఈ దేశాలు పెద్దగా చెప్పుకోలేదు. ఆత్మరక్షణ అనే ఎక్కువగా అన్నాయి. ముగ్గురికీ స్వప్రయోజనం ఉంది, మూడు చోట్లా ఊచకోత ఆగింది.

తర్వాతి కథలు మాత్రం ఒకలా లేవు. వియత్నాం పదేళ్ళు కదలకుండా కంబోడియాలో ఉండిపోయింది. పదిహేను లక్షలకు పైగా జనం చావుకు కారణమైన పోల్ పాట్ పార్టీ ఖ్మేర్ రూజ్‌కు చైనా, అమెరికా అండతో ఐక్యరాజ్యసమితిలో కంబోడియా సీటు మాత్రం పోలేదు! ప్రచ్ఛన్న యుద్ధం ఎంత మతిమాలిన లెక్కలు వేయించిందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు.

అయితే ఉద్దేశం మంచిదా కాదా అన్నది ముఖ్యం కాదా?

ఉద్దేశాన్ని కొలిచే సాధనం లేదు. ప్రతి దండయాత్రకూ ఒక మంచి మాట తోడుంటుంది. ఎంతవరకు వెళ్తారు, ఎప్పుడు తిరిగొస్తారు అన్నవి మాత్రం బయటికి కనిపిస్తాయి, వాటినే పట్టుకోవాలి.

లిబియా చూడండి. రువాండా, బోస్నియాలోని స్రెబ్రెనిత్సా ఊచకోతల తర్వాత సిగ్గుపడిన ప్రపంచం, ‘కాపాడే బాధ్యత’ అనే సూత్రాన్ని 2005 ప్రపంచ సదస్సులో ఒప్పుకుంది. నరమేధం, యుద్ధ నేరాలు, జాతి ప్రక్షాళన, మానవాళిపై నేరాలు, ఈ నాలుగింటి నుంచి తన ప్రజలను కాపాడలేని దేశం విషయంలో భద్రతా మండలి కలగజేసుకోవచ్చు. 2011 మార్చి 17న ఆ ఆలోచనతోనే 1973వ నంబరు తీర్మానం వచ్చింది. లిబియా నియంత గద్దాఫీ సేనలు తిరుగుబాటుదారుల చేతిలోని బెంఘాజీ నగరం వైపు వస్తున్నాయి, పౌరులను కాపాడండి అన్నారు. 10 ఓట్లు పడ్డాయి. రష్యా, చైనా, భారత్, బ్రెజిల్, జర్మనీ ఓటేయలేదు, అడ్డుకోనూ లేదు.

బెంఘాజీ మీదికి వస్తున్న దళాలను ఆపడం కొద్దిరోజుల్లో అయిపోయింది. అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో విమానాలు మాత్రం ఆగలేదు. అక్టోబరు 20న గద్దాఫీ చనిపోయేదాకా దాడులు నడిచాయి. 2014కల్లా దేశంలో రెండు ప్రభుత్వాలు తయారయ్యాయి. గద్దాఫీ గిడ్డంగుల్లోని ఆయుధాలు సరిహద్దులు దాటి మాలీ దాకా పోయాయి. గద్దాఫీ పోయాక ఏంటన్నది ముందే ఆలోచించకపోవడం తన పాలనలో అతిపెద్ద తప్పని ఒబామా 2016లో చెప్పాడు. అసలు నష్టం అంతర్యుద్ధంలో చిక్కుకున్న సిరియా ప్రజలకు జరిగిందని నాకనిపిస్తుంది. మళ్ళీ ఇలాంటి తీర్మానానికి ఒప్పుకోవద్దని రష్యా, చైనా నిశ్చయించుకోవడానికి లిబియా సాకు దొరికింది. సిరియాపై తీర్మానాలకు వరసగా వీటోలు పడ్డాయి.

నియంతను దించితే ఆ దేశ ప్రజలకు మేలే కదా?

దించడం వరకు సులువు. ఇరాక్‌లో 2003 మార్చి 20న యుద్ధం మొదలైంది, మూడు వారాల్లో బాగ్దాద్ పడిపోయింది. సామూహిక విధ్వంసక ఆయుధాల నిల్వలున్నాయన్నారు, అవి దొరకలేదు. ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ క్రూరుడన్న మాటలో అబద్ధం లేదు.

మే నెలలో అమెరికా పాలనాధికారి పాల్ బ్రెమర్ రెండు ఉత్తర్వులిచ్చాడు. ఒకటి సద్దాం పార్టీ అయిన బాత్ పార్టీలో పైస్థాయి సభ్యులను ఉద్యోగాల నుంచి తీసేసింది. సద్దాం కాలంలో ఉద్యోగం కావాలంటే పార్టీలో చేరక తప్పని పరిస్థితి. దాంతో టీచర్లు, ఇంజినీర్లు కూడా వేల సంఖ్యలో ఇంటికెళ్ళారు. రెండో ఉత్తర్వు సైన్యాన్నే రద్దు చేసింది. లక్షల మంది శిక్షణ ఉన్న మగవాళ్ళు, ఇంట్లో తుపాకులు, జీతం లేదు, పైగా అవమానం. తర్వాత ఐసిస్ ఉగ్రవాద సంస్థను నడిపినవాళ్ళలో సద్దాం మాజీ అధికారులు ఉండటంలో ఆశ్చర్యమేముంది? 2014 జూన్‌లో మోసుల్ ఐసిస్ చేతికి చిక్కింది. 2011లో వెళ్ళిపోయిన అమెరికా సేనలు మళ్ళీ రావాల్సి వచ్చింది.

బయటివాడు కూల్చేది నియంతనొక్కడినే కాదు. జీతాలిచ్చే ఖజానా, రోడ్డు మీద పోలీసు, కరెంటు ఆఫీసు, కోర్టు అన్నీ ఆ నియంత చుట్టూ అల్లుకుని ఉంటాయి. ఆ అల్లిక ఎలా ఉందో అక్కడివాళ్ళకు తెలుస్తుంది, వేల మైళ్ళ దూరం నుంచి వచ్చిన అధికారికి తెలీదు. అఫ్గానిస్తాన్‌లో ఇరవై ఏళ్ళు ఉన్నా ఆ తెలివిడి రాలేదు. 2021 ఆగస్టు 15న తాలిబన్లు కాబూల్‌లోకి వస్తుంటే అమెరికా తయారుచేసిన సైన్యం దాదాపు పోరాడకుండానే చెదిరిపోయింది.

జర్మనీ, జపాన్‌లు బాగుపడ్డాయి కదా?

బాగుపడ్డాయి. ఇరాక్ యుద్ధానికి ముందు ఈ ఉదాహరణను తెగ వాడారు. కానీ ఆ రెండూ తామే యుద్ధం మొదలుపెట్టి, ఓడి, లొంగిపోయిన దేశాలు. పరిశ్రమలు, అక్షరాస్యత, అలవాటున్న ప్రభుత్వ యంత్రాంగం ముందే ఉన్నాయి. జపాన్‌లో చక్రవర్తిని తీసేయలేదు, ఉద్యోగులను చాలావరకు ఉంచారు. బాగ్దాద్‌లో చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

ఆ దేశ ప్రభుత్వమే పిలిస్తే?

పిలుపు నిజమైనదైతే చట్టం ఒప్పుకుంటుంది. 1988 నవంబరులో మాల్దీవుల అధ్యక్షుడు గయూమ్ సాయం కోరితే భారత పారాట్రూపర్లు ఆ రాత్రికే దిగి కుట్రను అణిచేశారు. 2000లో సియెర్రా లియోన్‌లో బ్రిటిష్ సైన్యం రావడం అక్కడి అంతర్యుద్ధాన్ని మలుపు తిప్పింది.

పిలుపును ఎవరు రాశారో మాత్రం చూసుకోవాలి. 1968లో చెకొస్లొవేకియాలోకి ట్యాంకులు పంపిన మాస్కో, అక్కడి నాయకులే పిలిచారంది. ఆ లేఖ రాసింది సొంత ప్రభుత్వానికి తెలీకుండా కొందరు ఛాందస కమ్యూనిస్టు నాయకులు. 1979 డిసెంబరులో అఫ్గాన్ ప్రభుత్వం కోరికపైనే వెళ్ళామని సోవియట్ యూనియన్ చెప్పింది. వెళ్ళిన మూడు రోజుల్లో ఆ ప్రభుత్వాధినేత హఫీజుల్లా అమీన్‌ను సోవియట్ దళాలే అతని భవనంలో చంపాయి.

నిజమైన పిలుపు కూడా చెడిపోవచ్చు. 1987 ఒప్పందం ప్రకారం శ్రీలంకకు వెళ్ళిన భారత శాంతి దళం, ఎవరిని కాపాడటానికి వెళ్ళిందో ఆ తమిళుల మధ్యే ఎల్‌టీటీఈతో యుద్ధం చేయాల్సి వచ్చింది. దాదాపు 1,200 మంది భారత సైనికులు చనిపోయారు. కొత్త అధ్యక్షుడు ప్రేమదాస వెళ్ళిపొమ్మన్నాడు. 1990 మార్చిలో తిరిగొచ్చేశారు. మన దేశం చేసింది కాబట్టి దీన్ని వేరే తక్కెడలో తూచకూడదు.

యుద్ధం కన్నా ఆంక్షలు నయం కదా?

ఎవరి మీద పడతాయన్నదాన్ని బట్టి. దక్షిణాఫ్రికా మీద 1977లో భద్రతా మండలి పెట్టిన ఆయుధ నిషేధం, తర్వాత బ్యాంకులు, కంపెనీలు తప్పుకోవడం వర్ణవివక్ష ప్రభుత్వాన్ని ఇబ్బంది పెట్టాయి. అక్కడి ఉద్యమ నాయకత్వమే ఆంక్షలు పెట్టమని అడిగింది. ఇరాక్‌లో 1990 నుంచి పెట్టిన సమగ్ర ఆంక్షల్లో మందులకూ నీటిశుద్ధి పరికరాలకూ కష్టమైంది, సద్దాం భవనాలకు ఏమీ కాలేదు. అక్కడి ఐక్యరాజ్యసమితి సహాయ కార్యక్రమం అధిపతి డెనిస్ హాలిడే 1998లో దీన్ని నిరసిస్తూ రాజీనామా చేశాడు. క్యూబా మీద అమెరికా ఆంక్షలు 1960ల మొదట్నుంచీ ఉన్నాయి. వాటి ఒత్తిడికి అక్కడి ప్రభుత్వం మారలేదు.

చట్టం ఒప్పుకోకపోయినా న్యాయమైన జోక్యం ఉంటుందా?

1999లో యుగొస్లావియాలో అణచివేతకు గురవుతున్న కొసొవో అల్బేనియన్ల కోసం నాటో, భద్రతా మండలి అనుమతి లేకుండా, ఆ దేశం మీద 78 రోజులు బాంబులు వేసింది. అది చట్టవిరుద్ధమే అయినా న్యాయసమ్మతమని తర్వాత ఒక స్వతంత్ర అంతర్జాతీయ కమిషన్ తేల్చింది. నేను ఈ వాదనను పూర్తిగా కొట్టిపారేయను, కానీ దాని ఖరీదు చూడండి. 2014లో క్రిమియాను కలుపుకునేటప్పుడు పుతిన్ కొసొవోనే ఉదాహరణగా చూపించాడు. ఒకరు మంచి పనికోసం దాటిన గీతను రెండోవాడు మరో పనికోసం దాటుతాడు.

ఇంతకీ బాగా జరిగినది ఒక్కటైనా ఉందా?

అప్పట్లో ఇండోనేషియా పాలనలో ఉన్న తూర్పు తైమూర్. 1999 ఆగస్టు 30న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 78 శాతానికి పైగా స్వాతంత్ర్యం కోరుకున్నారు. వెంటనే ఇండోనేషియా అనుకూల ముఠాలు ఊళ్ళు తగలబెట్టాయి. అంతర్జాతీయ ఒత్తిడికి ఇండోనేషియా ఒప్పుకుంది, మండలి అనుమతిచ్చింది, ఆస్ట్రేలియా నాయకత్వంలో దళం దిగింది. 2002 మే 20న దేశం స్వతంత్రమైంది. ఇక్కడ ప్రజలు ఏం కోరుకుంటున్నారో సైన్యం రాకముందే బ్యాలెట్‌లో తేలింది. వచ్చినవాళ్ళు దాన్ని అమలుకానివ్వడం తప్ప కొత్తగా నిర్ణయించాల్సిందేమీ లేదు.

గాంబియాలో కూడా దాదాపు అంతే. 2016 డిసెంబరు ఎన్నికల్లో ఓడిన అధ్యక్షుడు జమ్మే కుర్చీ దిగనంటే, పశ్చిమాఫ్రికా దేశాల కూటమి సేనలు సరిహద్దు దాటి వచ్చాయి. 2017 జనవరిలో అతను దేశం విడిచిపోయాడు.

జోక్యం వల్ల జరిగిన నష్టానికి పరిహారం ఎవరు కడతారు?

కట్టించగలిగితే కడతారు. నికరాగ్వాలో రేవుల దగ్గర మందుపాతరలు పెట్టడం, కాంట్రా తిరుగుబాటుదారులకు ఆయుధాలివ్వడం చట్టవిరుద్ధమని, అమెరికా పరిహారం చెల్లించాలని 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పిచ్చింది. అమలు చేయాలన్న తీర్మానాన్ని భద్రతా మండలిలో అమెరికా వీటో చేసింది. 1991లో నికరాగ్వా కొత్త ప్రభుత్వం ఆ దావానే వెనక్కి తీసుకుంది. కువైట్‌ను ఆక్రమించినందుకు ఇరాక్ తన చమురు ఆదాయంలోంచి ఏళ్ళ తరబడి కోత భరించి, 2022 నాటికి 52 బిలియన్ డాలర్లకు పైగా కట్టింది. 2003 యుద్ధానికి ఇరాక్‌కు అలాంటి పరిహారం ఎవరూ కట్టలేదు. కాంగోలో చేసిన నష్టానికి 325 మిలియన్ డాలర్లు ఇవ్వాలని 2022లో అదే న్యాయస్థానం ఉగాండాను ఆదేశించింది. ఆ ఏడాదే ఉగాండా 65 మిలియన్ డాలర్ల మొదటి వాయిదా కట్టింది.